చుట్టు మీద చుట్టు ఎక్కలేదు

ఏ. పళ్లిపట్టి
ఆదివారం

తమ్ముడు చంద్రప్పకు,

నీ అన్న రాసేది. ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు, నీకు తెలుసు. అందుకే కాగితం. మన రెండిళ్లలో నాన్న నేర్పిన ఈ తెలుగు అక్షరాలు నీకూ నాకూ తప్ప ఎవరికీ రావు. నీ పెండ్లాం పంచవర్ణం చదివి బాధపడేది ఉండదు.

నాకు కోపంగా ఉండాది. పాపారపట్టి పాండియన్ బోరు మోటార్ పది దినాలకే కాలిపోయి తిరిగి వచ్చింది. వైండింగ్ చుట్టింది నేను. కొసలు కలిపి, కరెంటు తగలకుండా వాటి మీద స్లీవు గొట్టం తొడిగింది నువ్వు. మోటార్ విప్పక ముందే మన రిపేరు అంగట్లో అందరి ముందర ఏమన్నావు? "మా అన్న చెయ్యి వణుకుతాది. తీగ మీద తీగ ఎక్కించేసినాడు." నా చేతిలో తీగ లాక్కొన్నావు. "నువ్వు కాఫీ తాగి కూర్చో అన్నా, చాలు." పాండియన్ నవ్వినాడు. "పెద్దాయనకు రెస్టు ఇయ్యప్పా!" నీకు తీగ పట్టుకొనేది నేర్పింది ఈ చెయ్యే. చెప్పులేసుకొని వచ్చేసినాను.

మనవరాలు ఇలక్కియా టెస్లా కాయిల్ కిట్ ఒకటి తెప్పించి, విప్పకుండానే హాస్టల్‌కు పోయింది. "తాతా, దాని కొసన ఊదారంగు మెరుపు వస్తాది. ట్యూబ్‌లైట్ దగ్గర పెడితే వైరు లేకుండానే వెలుగుతాది" అనింది. అది పూర్తిచేసి నీకు చూపించాలని కూర్చున్నాను. ప్లాస్టిక్ గొట్టం మీద వెంట్రుకంత తీగ, తొమ్మిదినూర్ల చుట్లు. నాలుగు దినాలు పట్టింది. మోటారుకు చేసినట్టే వార్నిష్ పూసి ఎండబెట్టినాను. బోర్డులో ట్రాన్సిస్టరూ అవీ సోల్డరింగ్ చేసినాను. కింద లావు తీగ ఐదు చుట్లు. స్విచ్ వేస్తే ఏమీ రాలేదు.

సరిగ్గా అప్పుడే నా దగ్గరున్న అంగడి తాళంచెవి అడిగేదానికి వచ్చినావు. చూసి "చెప్పినాను కదన్నా" అన్నావు. తాళంచెవి తీసుకొని పోయినావు.

లెన్సు తీసుకొని రా. ఆ గొట్టం మీద ఒక్క చుట్టు ఇంకొకదాని మీద ఎక్కి ఉంటే నేను ఈ జన్మలో తీగ ముట్టను. ఎక్కకుంటే పాండియన్ ముందర తప్పు ఒప్పుకో.

నీ అన్న
గోవిందరాజు


శనివారం

తమ్ముడు చంద్రప్పకు,

ఐదు దినాలు చూసినాను. నువ్వు రాలేదు. కోపం ముదిరింది. కిట్‌తో వచ్చిన బొమ్మ కాగితం మళ్లీ పట్టుకొన్నాను. అందులో లావు తీగ ఎడమకు తిరిగింది. నేను మన అంగడి వాడుకలో కుడికి చుట్టినాను. మోటార్ ఎదురుదిక్కున తిరిగితే మనమేం చేస్తాము? రెండు కొసలు మార్చి కడతాము. అదే చేసినాను. జుయ్యిమని గోరంత మెరుపు వచ్చింది. ట్యూబ్‌లైట్ నా చేతిలోనే వెలిగింది.

సంతోషం రాలేదు. నిన్ను నిలదీయాలని అంగడికి వచ్చినాను. నువ్వు లేవు. పంచవర్ణం నా ఉత్తరం తెచ్చి నాకే చూపించింది. "ఏం రాసినారు బావా? మీ తమ్ముడు దీన్ని కంటికి ఆనించుకొంటారు, దూరం పెట్టుకొంటారు. నాకు తెలుగు చదివేది రాదు."

"కండ్లకేమి?" అన్నాను.

"మీకూ చెప్పలేదా? ఎడమ కంటికి పొర నిండిపోయింది. రెండోదీ మసకే. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకొన్నారు."

పాండియన్ మోటార్ మూలనే పడి ఉండింది. విప్పినాను. నా చుట్లు ఒక్కటీ కదల్లేదు. కాలింది కొసలు కలిపిన చోట. స్లీవు సగానికే ఎక్కి ఉండింది. అది నీకు కనిపించలేదు.

నీ కంటి తప్పు నా చేతి మీద వేసినావు. కస్టమర్లు పోతారని భయపడినావు, సరే. నాకు చెప్పింటే ఏం పోయేది? నేను ఊరంతా తిరిగి చెప్పేవాడినా? నేను ఎవరితో మాట్లాడతాను?

ఇది స్కెచ్ పెన్నుతో వేలంత అక్షరాలు రాస్తాండాను. చదవలేదనే సాకు ఉండకూడదు. మొదటి ఉత్తరం చదవద్దు. అందులో లెన్సు తెమ్మని రాసినాను.

సోమవారం ఆరుగంటల బస్సుకు ధర్మపురి కంటి ఆస్పత్రికి పోతాము. నువ్వు రానంటే చెయ్యి పట్టి ఎక్కిస్తాను. రేపే నేను అంగడికొచ్చి ఆ మోటార్ కడతాను. పాండియన్ దాన్ని తీసుకొనేదానికి వస్తాడు. జరిగింది నువ్వే నీ నోటితో చెప్పాలి. నేను చెప్పను. నువ్వు చెప్పేదాకా ఆ అంగట్లో కూర్చోను. నిలబడే కడతాను.

నీ మీద కోపం పోని
గోవిందరాజు