బ్యాండు మేళంతో సహా కొన్న ఇల్లు

అద్దె నియంత్రణాధికారి వారి సముఖమునకు, హైదరాబాదు.

లాల్‌దర్వాజా నివాసి, రిటైర్డు సూపరింటెండెంటు గోపాలకృష్ణమూర్తి వ్రాసుకొను అర్జీ.

విషయం: నేను కొన్న ఇంటి కింది భాగం నాకు ఇప్పించుట గురించి.

అయ్యా,

1. ఈ ఇంటిని గత వైశాఖంలో శ్రీహరిరావు వద్ద కొన్నాను. ఇద్దరం ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. "కింద ఒక కిరాయిదారున్నాడు. ఒక్క మాటంటే ఖాళీ చేస్తాడు. అసలు ఉన్నట్టే తెలియదు" అన్నాడు. చూడబోతే అలాగే ఉంది.

2. ఇల్లు చూడడానికి, బయానా ఇవ్వడానికి, రిజిస్ట్రేషనుకు, గృహప్రవేశానికి వేర్వేరు ముహూర్తాలు పెట్టించాను. వెళ్లిన ప్రతిసారీ కింది వాటాకు తాళం. ఇల్లంతా మఠంలా నిశ్శబ్దం. ఆ తాళం వేసిన ఆగయ్య పెళ్లిళ్లకు బ్యాండు వాయించే మనిషి. మంచి ముహూర్తమున్న రోజున అతను ఇంట్లో ఉండడు. ఈ సంగతి శ్రీహరిరావుకు తెలుసు. పంచాంగం ముందు పెట్టుకొని నాకు ముహూర్తాలు సూచించింది కూడా ఆ పెద్దమనిషే. ఇంతలో ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి. బోనాల ఊరేగింపు కోసం కొత్త పాటలు నేర్చుకోవడానికి మేళమంతా ఇల్లు చేరింది.

3. శబ్దాన్ని భరించగలను. జీవితమంతా పై అధికారుల ప్రసంగాలు విన్నవాణ్ణి. నా భార్య బాలత్రిపురసుందరి మోకాళ్లు వంగవు. ఆమె కింది వాటాలో ఉండవచ్చుననే ఈ ఇల్లు కొన్నాను. రాతిమెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. గృహప్రవేశం నాడు బంధువులు ఎత్తి పైకి చేర్చారు. ఆనాటినుంచి ఆమె నేలమీద కాలు పెట్టలేదు. సొంత ఇంట్లో ఖైదు.

4. ఖాళీ చేయమని ఆగయ్యను అడిగాను.

"ఇల్లు అమ్మేటప్పుడు ఆయన మిమ్ముల అడిగిండు గని నన్ను అడిగిండా సారూ? కొత్తగ వచ్చినోళ్లు మీరు. మేం ఎన్కటి నుంచి ఈడనే ఉన్నం."

రోమను చట్టం మొదలు హైకోర్టు తీర్పుల దాకా యజమాని హక్కులను వివరించాను. అతను కడదాకా శ్రద్ధగా విన్నాడు.

"మస్తు చెప్పిన్రు. జర పక్కకు జరుగుండ్రి, డోలు ఎండల పెట్టాలె" అన్నాడు.

5. తమ కార్యాలయానికి వస్తే, ఇల్లు చేతులు మారినా పాత కిరాయి ఒప్పందం దానితోనే వస్తుందని గుమాస్తా సెలవిచ్చాడు. "కిరాయిదార్‌తోని కొన్నవు గద తాతా, కిరాయిదార్‌తోనే ఉండు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను చదివిన పుస్తకాలు వాళ్లు చూసి కూడా ఉండరు. అయినా నవ్వు వాళ్లది, అర్జీ నాది.

కావున ఆగయ్యను ఖాళీ చేయించి, నా భార్యను నేలమీదికి దించవలసిందిగా ప్రార్థన. శ్రీహరిరావును శిక్షించే సెక్షను ఏదైనా ఉంటే అదికూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు, వేరే దారిలేక,
గోపాలకృష్ణమూర్తి
24-7-1978

మరొక మనవి: సంతకం చేసి స్నానానికి వెళ్లి వచ్చేసరికి నా భార్య గదిలో లేదు. ఆగయ్య భార్య సక్కుబాయి పైకి వచ్చి, "పైనుంచి ఎన్ని దినాలు మా మేళం ఇంటవమ్మా, కిందికొచ్చి ముంగట కూసోని ఇను" అన్నదట. మేళంవాళ్లు నలుగురు కుర్చీతో సహా దించారట. ఇప్పుడు కింది గదిలో వాళ్లిచ్చిన టీ తాగుతూ కూర్చుంది. ఇక పైకి రానంటోంది.

యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా అద్దె ఇంటిని ఇంకొకరికి ఇచ్చినవాణ్ణి ఖాళీ చేయించవచ్చునని చట్టం. నా భార్యకు గది ఇవ్వడానికి ఆగయ్యకు నేను అనుమతి ఇవ్వలేదు. కాబట్టి కేసు గెలిచినట్టే. కాకపోతే రెండో ప్రతివాదిగా నా భార్య పేరు చేర్చాలి. ఆ మాటే పై మెట్టుమీద నిలబడి ఆమెతో చెప్పాను.

"చేర్చండి. ఆ నోటీసివ్వటానికైనా మీరు కిందికి దిగొస్తారు" అంది.

నోటీసు తమ కార్యాలయం వారు ఇస్తారా, నేనే తీసుకొని దిగవలెనా, తెలుపగలరు.