ఎస్తేరమ్మ గారి అటక

ఏమండీ, నిద్రపోతుంటే లేపబుద్ధి కాలేదు. మనవరాలు దీవెనకి ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ఉందంట. దాని పిల్లని చూసుకోవడానికి పటమట వెళ్తున్నా. జావ వేడి చేసుకుని తాగండి. సాయంత్రం నేను రాగానే మీ జ్వరం డాక్టరు గారికి చూపిద్దాం.

ఎలుక పెంటికల దుమ్ము పీలిస్తే ఏదో వైరస్ జ్వరం వస్తుందంట, దీవెన చెప్పింది. ముందు మామూలు జ్వరమేననిపిస్తుందంట. తొడలూ నడుమూ పీకుతాయి, కడుపులో తిప్పుతుంది. దగ్గొచ్చి ఆయాసం మొదలైతే మాత్రం నాకోసం చూడొద్దు. పక్కింటి స్టీఫెన్‌ని ఆటో తెమ్మని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.

అక్కడ అడిగితే, పోయిన నెల మందిరంలో బెంచీలు సర్దానని చెప్పకండి. ఎస్తేరమ్మ గారి అటక ఊడ్చానని చెప్పండి. మీ చొక్కా జేబులో పెంటికలు దులిపింది నేనే. మన అటక ఎక్కమంటే ఎప్పుడూ మోకాళ్ల నొప్పులే. పెళ్లికి ముందు మీకు ఇస్తామన్న పిల్ల కదా, ఆవిడ అటకకి ఏ నొప్పులూ ఉండవు.

నాతో ఆడిన అబద్ధం నాతోనే పోనివ్వండి. డాక్టరుతో ఆడితే ప్రాణం మీదికొస్తుంది.

దానమ్మ

ఆ దుమ్ము ఆవిడ కూడా పీల్చే ఉంటుంది, పాపం. ఫోను చేసి చెప్పాలి. నేను వచ్చాక, నా ముందే చేయండి.