ఏ బూటుకి బిగించమంటావు?

చిరంజీవి సెవెరిన్‌కి, అక్క బుర్గి దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం బాగానే ఉన్నామని మొదటి వాక్యంలోనే రాయాలని అమ్మ నేర్పింది కాబట్టి రాస్తున్నాను. ఆవులు బాగున్నాయి. పొయ్యి బాగా మండుతోంది. నా సంగతీ మీ బావ సంగతీ కిందికి చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. నీ ఆరోగ్యం ఎలా ఉందని అడగను, పోయిన ఆదివారం కళ్ళారా చూసే వచ్చాను కదా. నేను తెచ్చిన పొగబెట్టిన పంది మాంసం ముక్కను పక్క మంచం ఆయనకి ఇచ్చేశావని నర్సు చెప్పింది. తినరా బాబూ, నీకు పుణ్యముంటుంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మంచు పడింది కానీ నేల ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది. కార్‌లైటె వాలు మీద మంచు చిమ్మే యంత్రాలు ఆగకుండా మోగుతున్నాయి, ఆ రొదకి దూడ పాలు తాగడం లేదు. డిసెంబర్ మొదట్లో సెయింట్ నికొలస్ పండగకి, జనాన్ని కొండెక్కించే లిఫ్టులు తెరుస్తారట. నీ దగ్గర స్కీల మీద జారడం నేర్చుకునే పిల్లల్ని ఈ ఏడు పక్క లోయ నుంచి వచ్చిన మాస్టారికి అప్పగించారు. తాత్కాలికమే అన్నారు. వాళ్ళు అన్నారు, నేను విన్నాను.

"బావకి నా మీద కోపమా" అని రాశావు. కోపమా! మీ బావ రూపెర్ట్ ఇప్పటికీ వాలు చదును చేసే బండి ఎక్కుతున్నాడు, ఎక్కక ఏం చేస్తాడు. కానీ ఏటవాలులో బండి జారకుండా పైన కొక్కేనికి తగిలిస్తారే ఆ ఉక్కు తాడు, దాన్ని తగిలించే ముందు ప్రతిసారీ వాలు కిందిదాకా నడిచి, ఎవరూ లేరని చూసుకుంటున్నాడట. రొట్టె ముందు పెట్టుకుని కూర్చుని, "ఇంకొక్క బారు చదును చేసేసి తాడు చుట్టేసేవాణ్ణి బుర్గీ, ఒక్క బారు" అంటాడు. వాలు మూసి ఉందని బోర్డు పెట్టే ఉంది. ఆ బోర్డు టూరిస్టులకే కానీ మనకి కాదని ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ ధీమా. నేనూ అంతే, అమ్మా అంతే. బావ ఎప్పుడు ముగిస్తాడో నాకు తెలియదా అనుకుని ఆ తెల్లారుజామున నువ్వు దిగావు. మంచు తడిగా ఉండి ఆయనకి ఆలస్యమైంది. తాడు అడ్డంగా ఉంది, చీకట్లో నీ మోకాలు దానికి తగిలింది. తప్పెవరిదో వెతికి వెతికి మేమిద్దరం అలిసిపోయాం, నువ్వు వెతక్కు.

ఇక స్కీలు. "కొత్త స్కీలు ఇంటికొచ్చాయని నువ్వు రాస్తేనే డాక్టరమ్మ చెప్పిన ఆపరేషన్‌కి ఒప్పుకుంటాను" అని రాశావు కదా, మొండి వెధవా. అందుకని నీ షరతులన్నీ బట్టీపట్టి కస్సియన్ స్కీల కొట్టుకి వెళ్ళాను.

"ఎవరికి బుర్గక్కా?" అన్నాడు. ఎవరికో తెలిసే అడిగాడు.

"మావాడికి. చదును చేసిన వాలు కోసం. లోతు మంచులో తేలడానికి కాదు, అంచు మీద వాలి మంచుని కోసుకుంటూ పోవడానికి."

ముందు ఒక వెడల్పు జత తీశాడు. "ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారక్కా. ఎలాంటి మంచుకైనా పనికొస్తుంది."

"ఇంత లావు నడుమా? ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారేలోపు వాలు అయిపోతుందని నీ మొహం మీదే చెప్పమన్నాడు."

"మంచం మీంచి కూడా తిడుతున్నాడా వెధవ!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి చాలా కాలమైంది మా ఇద్దరికీ.

రెండోది గడ్డం దాకా కూడా రాని పొట్టిది, చకచకా తిరుగుతుందన్నాడు. "మావాడేమైనా కుట్టుమిషనా, అలా కుట్టుకుంటూ దిగడానికి? వాడికి పెద్ద మలుపులు కావాలి" అన్నాను. మూడోది నువ్వు రాసినట్టే ఉంది. సన్నటి నడుము, గట్టి ఒళ్ళు, నీ ముక్కు దాకా పొడవు. నీ ముక్కు నా నెత్తికి ఎంత పైన ఉంటుందో నాకు తెలియదా, చెయ్యెత్తి కొలిచాను. నువ్వు చెప్పినట్టు మధ్యలో అరచెయ్యి పెట్టి నొక్కాను. కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి అడుగు వంకర లేదని చూశాను. బొటనవేలి గోరు అంచు మీద గీస్తే తెల్లటి గోటి పొడి రాలింది, అంచు అంత పదును. ఎంత శ్రద్ధగా ఎంచామనుకున్నావు! పెళ్ళికూతుర్ని చూడ్డానికి వెళ్ళినా అంత పరీక్ష చెయ్యరు.

"ఇంత గట్టిదైతే భారం కాదూ?" అన్నాను.

"వాడి మోకాళ్ళకి ఇదేం లెక్కక్కా..." అని కస్సియన్ ఠక్కున ఆగిపోయాడు. ఏదో దులుపుతున్నట్టు అటు తిరిగాడు. నేను స్కీల మీద రంగు చూస్తున్నట్టు నటించాను. ఇద్దరికీ తెలుసు. తెలిసే ఆ ఆట ఆడుతున్నాం.

చివరికి జతని బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ అందుకుని, అలవాటుగా చెయ్యి చాచాడు. "బూట్లివ్వక్కా. బూటుకి సరిపెట్టి బిగించకుండా నా కొట్లోంచి ఒక్క స్కీ కూడా గడప దాటదు, నీకు తెలుసుగా."

ఇవ్వడానికి బూట్లేవి? వాడి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ రోజు ఊరి సహాయక దళంతో పరిగెత్తుకొచ్చి, వాలు మీద మోకాళ్ళ మీద కూర్చుని నీ ఎడమ బూటు కత్తిరించింది వాడే కదా.

"నేనే కోశానక్కా" అన్నాడు. "అప్పుడు కూడా అరిచాడు, 'కొత్త బూట్లురా, మెల్లగా కొయ్యి' అని." ఆ బల్ల మీదే తల ఆనించి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఇక నేను మాత్రం ఎంతసేపు ఆపుకుంటాను?

ఇప్పుడు విను సెవెరిన్. ఆదివారం నీ గదిలోంచి బయటికి వస్తుంటే డాక్టరమ్మ నన్ను వరండాలో ఆపింది. ఎముకలో చీము దిగిందట. మోకాలి కీలు తీసేసి, పై ఎముకనీ కింది ఎముకనీ కలిపెయ్యాలట. కాలు నిలుస్తుంది, నడుస్తావు, కానీ అది ఎప్పటికీ వంగదు. ఇంకా నాన్చితే కాలే తీసెయ్యాల్సి వస్తుందట, ఆ తర్వాత ప్రాణానికి కూడా ఆమె మాట ఇవ్వలేనంది. "ఎన్నిసార్లో చెప్పానమ్మా. అంతా వింటాడు, తలూపుతాడు, 'ఫిబ్రవరికల్లా వంగుతుంది కదా' అంటాడు. మీరైనా చెప్పండి" అంది. చెప్పడానికే మళ్ళీ నీ గదిలోకి వచ్చాను. నువ్వు దుప్పటి మీద అరచేత్తో మలుపులు గీసి చూపించావు, ఇక్కడ వాలాలి, ఇక్కడ లేవాలి అని. చెప్పకుండానే నీ దుప్పటి సర్ది, బస్సెక్కి వచ్చేశాను.

ఫిబ్రవరికి వంగదురా. వచ్చే ఏటికీ వంగదు. ఇంక ఎప్పటికీ వంగదు. రాసేశాను. ఒంటికాలి మీద జారేవాళ్ళు ఉన్నారని నీకు చెప్పమన్నాడు కస్సియన్. నువ్వు ఊతకర్ర తీసి విసురుతావని తెలుసు కాబట్టి నేను చెప్పను. నిన్ను ఓదార్చే మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని పశువుల కొట్టంలో, చర్చిలో, వంటింట్లో వెతికాను. లేదు. నువ్వు నడక సరిగ్గా రాకముందే జారడం నేర్చినవాడివి, ఆ జారడం పోయాక ఏం మిగులుతుందో నాకూ తెలియదు. ఏదో మిగులుతుందని అబద్ధం రాయలేను. నాకు మాత్రం నువ్వు మిగలాలి, అంతే. సిగ్గులేకుండా నా కోసమే అడుగుతున్నాను.

స్కీలు ఇంటికొచ్చాయి. నీ షరతు తీరింది, ఇక నీ మాట నువ్వు నిలబెట్టుకో. బూటు లేకుండా కస్సియన్ ఇవ్వనన్నాడు కాబట్టి ఇంటికొచ్చి నా పాత బూట్లు పట్టుకెళ్ళాను. "ఈ స్కీలు నీ నెత్తి దాటి ఉన్నాయక్కా, పడతావు" అంటూనే వాటికి బిగించాడు. పడతానని నాకూ తెలుసు. అమ్మ పోయినప్పటి నుంచి నేను వాలెక్కిందే లేదు. మీ బావ బండి దిగి, తాడు చుట్టేశానని చేత్తో చూపించాకే దిగుతాను. కానీ కింద కర్ర పట్టుకుని, చాచిన కాలితో నిలబడి, ఆ పిల్లల మీద అరిచినట్టే నా మీద "మోకాళ్ళు వంచు!" అని అరవడానికి ఒకడు కావాలి. ఆ మాట అనడం నీకెంత నరకమో నాకు తెలుసు. వినడం నాకూ అంతే. అయినా అరవాలి. మంగళవారం డాక్టరమ్మ వస్తుంది. సరే అను.

ఇట్లు,
మోకాళ్ళు వంచడం ఇంకా రాని నీ అక్క,
బుర్గి