పాలిచ్చాక చూసిన కొలత

మాస్టరుగారికి,

మన లేబుల్‌తో వెళ్లిన బ్రాలు తిరిగొచ్చినప్పుడు, కప్పులు వదులుగా కత్తిరించారని కుట్టేవాళ్లందరి ముందూ మీమీద నోరు పారేసుకున్నాను. మీరు కత్తెర బల్లమీద పెట్టేసి వెళ్లిపోయారు.

తప్పు మీ కత్తెరది కాదు, నాది. ఎప్పటిలాగే శాంపిల్ నేనే వేసుకుని చూశాను. పాలవేళ దాటినా పాప నిద్ర లేవలేదు. అప్పుడది అతికినట్టు సరిపోయింది. నిన్న పాలిచ్చాక వేసుకుంటే వదులు! మీకిలా రాయడానికి సిగ్గుగానే ఉంది.

శాంపిల్ చూసిన రోజు మీరొక మాటన్నారు: "పాప లేచాక ఇంకోసారి చూసుకోండమ్మా." బూటు దొరక్క మా పెద్దవాడు ఏడుస్తుంటే ఆ గోలలో వినిపించుకోలేదు. మీకు అప్పుడే తెలుసు కదూ? విడమరిచి చెబితే నేనెక్కడ ఇబ్బందిపడతానోనని మాట పడ్డారు.

మీ కత్తెర ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. రేపు పాపకు పాలిచ్చేసి, మీకోసం చూస్తుంటాను.