పోయినంక గూడ నువ్వే పైన

నర్సింలు బావా,

నువ్వు పోయి ఏడాదైంది. గీ ఉత్తరం నీకు అందదని తెల్సు. కడుపుమంట ఆగక రాస్తున్న.

పటాన్‌చెరుల లేత్ మిషిన్ పని గావాలన్నోళ్లు ఇప్పుడు గల్లీలు తిరుగుతలేరు, కంప్యూటర్ల ఎతుకుతున్నరు. మా కోడలు స్వప్న నా షాపుకు గూడ వెబ్‌సైట్ పెట్టింది. ఎతికి సూస్తె అందరికంటె పైన నీ షాపే! నీ కొడుకు నడుపుతున్నా పేరు నీదే గద. నాదేమో రెండో పేజీల, అడుగున.

"ఆయనది కిందికి గుంజు" అన్న.

కోడలు నవ్వింది. "గుంజరాదు మామా. వేరేటోళ్లు వాళ్ల సైట్లల్ల మన పేరు రాస్తెనే మనం పైకొస్తం. నర్సింలు మామ పేరు శానమంది రాసిన్రు."

"మరి నాది?"

"ఒక్కలే. నర్సింలు మామ సైట్లనే ఉన్నది. ఆయన ఉన్నప్పుడే రాయించిండు, 'గేర్ల పనికి మా బామ్మర్ది దగ్గరికి పోండ్రి, నాకంటె మంచిగ జేస్తడు' అని."

బతికుండంగ నా మొకం మీద గా మాట ఒక్కసారన్న అన్నవా? ఇగ నిన్ను తిట్టుకునేటట్టు గూడ లేకుండ జేస్తివి.

"మనం గూడ ఆయన పేరు రాద్దామా మామా? రాస్తె మాత్రం ఆయన ఇంకింత గట్టిగ పైన కూసుంటడు" అన్నది.

రేపు జెప్త అని లేసిన.

ఇంక జెప్పలే.

నీ బామ్మర్ది
మల్లయ్య