శివారులో నీలం

5 మార్చి 2001, సోమవారం

ఇక్కడ సింగపూర్ ఆఫీసులో ఫిబ్రవరి ఇమేజ్ రన్ చేశాను. ఏ చేను రోజుకు ఎంత నీరు ఆవిరిగా వదులుతోందో శాటిలైట్ లెక్క. తడి నీలం, ఎండు ఎరుపు. మా ఊరి కాలువ శివారంతా నీలంగా వచ్చింది. ఇదే రిపోర్టులో వెళ్తే మా క్లయింట్ ఇరిగేషన్ శాఖ శివారుకు ఆఖరి తడి ఇవ్వదు. దాళ్వా వరి పొట్ట మీద ఉంది.

శివారుకు సరిగ్గా నీరందిన ఏడు నాకు గుర్తు లేదు.

6 మార్చి

టీమ్ లీడ్ వీరభద్రరావు గారు నీలం చూసి, ఇక్కడి యాసలో క్లయింట్ హ్యాపీ లా, శుక్రవారం పంపేద్దాం అన్నారు. ఆయన అత్తవారి పొలం అదే కాలువ ఎగువన. శివారుకు తగ్గితే ఎగువకే లాభం.

7 మార్చి

ఆఫీసున్న తంజోంగ్ పగార్ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ట్రైన్‌లో కూర్చోవడానికి చోటు దొరికింది. ఆలోచించాను. చోవా చూ కాంగ్‌లో దిగి కార్డు ఫోన్ నుంచి గణపతి అన్నయ్యకు చేశాను. మన చేను ఎలా ఉందంటే, నెర్రెలు విచ్చిందిరా, నీళ్లెక్కడివి, ఊరి చుట్టూ రొయ్యల చెరువులేగా అన్నాడు.

ఆవిరి ఆ చెరువులది. మేం వరి కింద లెక్క కట్టాం.

8 మార్చి

చెరువులు తీసేసి లెక్కేద్దామన్నాను. పైనుంచి చూస్తే చెరువూ నీళ్లే, ఆలస్యంగా ఊడ్చిన చేనూ నీళ్లే, గ్రౌండ్ ట్రూత్, నేల మీది రుజువు తేవోయ్ అన్నారు లీడ్ గారు. ఖాయంగా చెరువని తెలిసిన సర్వే నంబరు ఒక్కటిస్తే, దానిలా కనిపించేవన్నీ తీస్తారట. ఆ నంబరు రిపోర్టులో వేయాలి, జిల్లా ఆఫీసు చూస్తుంది. చెరువులున్నవాళ్లు ఎవరూ నంబరు చెప్పరని తెలిసే అడిగారు.

సరే, ముందు మా నాలుగెకరాలు చూద్దామని వెతికాను. నెర్రెలు విచ్చిన చేను. అన్నిటికన్నా ముదురు నీలం.

సాయంత్రం

ఫోన్ రత్తమ్మ వదిన తీసింది. గుచ్చి గుచ్చి అడిగాక, మీ అన్నయ్య చెప్పొద్దన్నాడు రమణా, చెరువుకి లీజిచ్చాం, పర్మిషన్ లేదు, తెలిస్తే గట్టు కొట్టేస్తారు అంది. పక్కన మారయ్య బాబాయి వరి ఎండుతోందట. నువ్వు ఆకాశంలోంచి చూస్తావటగా, మావైపు చూడకు నాయనా అని నవ్వింది.



9 మార్చి

నంబరు ఇచ్చాను. చెరువేనని అంత గట్టిగా ఎలా చెప్తావోయ్ అన్నారు వీరభద్రరావు గారు.

మాదే అన్నాను.

లెక్కలోంచి చెరువులన్నీ తీసేశారు. శివారు ఎర్రగా వెళ్లింది.