హేమ ఎందుకు అరిచింది

గురువారం, రాత్రి

మధ్యాహ్నం అయితే చాలు మా హేమ క్లాసులో అరుస్తోందని టీచరమ్మ నన్ను బడికి పిలిపించింది. మాటలు రాని పిల్లను ఇంటికి తీసుకుపొమ్మంటుందేమోనని భయపడుతూ, మరమగ్గం ఆపేసి వెళ్లాను.

"మిగిలిన పిల్లోళ్లకు పాఠం సాగడంలేదమ్మా" అని ఆమె మొదలుపెట్టిందో లేదో, హేమ పక్కన కూర్చునే షబానా లేచింది.

"హేమ ఊరికే అరవదు టీచర్. కిటికీలోంచి ఎండ మొగాన పడితేనే అరుస్తాది. నేను రోజూ సూస్తానే ఉండా."

నేను హేమ ముందు కూర్చుని, "ఎండకేనా తల్లీ?" అని అడిగాను. అది కళ్లు పైకెత్తింది. అంటే అవునని, టీచరమ్మకు చెప్పాను.

టీచరమ్మ తనే హేమ కుర్చీని నీడలోకి జరిపింది. "ఇన్నినాళ్లూ నువ్వు చెప్తానే ఉండావు, నాకే తెలీలేదు" అని హేమతో అంది.

బడి వదిలేదాకా బయటే నిలబడ్డాను. హేమ ఒక్కసారీ అరవలేదు. ఎక్కాలు చెప్పిస్తూ, ఆరేళ్లు నలభై రెండేనా అని టీచరమ్మ అడిగితే, అందరికన్నా ముందు కళ్లెత్తింది కూడా.

వచ్చే ఏడు ఆరో తరగతికి వేరే బడి. అక్కడ షబానా ఉంటుందో లేదో...

ఉండనీ, లేకపోనీ. ఈరోజు నా కూతురు చెప్పింది, నలుగురూ విన్నారు.